మోకాళ్ల అరుగుదలలో ఇమ్యూనిటీ పని ఏమిటి? మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

నేను హన్మకొండలో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులవాళ్లే. నాట్లు వేసి, పత్తి ఏరి, బీడీలు చుట్టి, మరమగ్గాల మధ్య నిలబడి వయసంతా గడిపినవాళ్లు. "గుజ్జు అరిగింది" అన్న మాట వాళ్లందరికీ తెలుసు. ఈమధ్య డాక్టర్లు "ఇన్‌ఫ్లమేషన్ కూడా ఉంది", అంటే లోపల వాపు ఉందని అంటున్నారు, ఫోన్లో "ఇది ఇమ్యూనిటీ రోగం" అని వీడియోలు తిరుగుతున్నాయి, ఇక రోజూ అవే సందేహాలు, అవే భయాలు. అందుకే ఇవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. అలా వీలుగా ఉండాలని ఒకటి రెండు మాటలు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

## నొప్పి మొదలైన కొత్తలో

గుజ్జు అరగడమంటే బండి టైరు అరిగినట్టే కదా, మధ్యలో ఇమ్యూనిటీ ఎక్కడి నుంచి వచ్చింది?

టైరుకు ప్రాణం లేదు, మోకాలికి ఉంది. ఎముకల చివర నున్నగా ఉండే గుజ్జును పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. దానికి రక్తనాళాలు ఉండవు, నరాలు కూడా ఉండవు, అందుకే మొదట్లో అది చిట్లుతున్నా మనకు తెలియదు. కానీ దాని నుంచి రాలిన సన్నటి తునకలు కీలులోని జిగురునీటిలో తేలుతూ, కీలును లోపలి నుంచి కప్పి ఉండే సైనోవియం అనే పొరకు చేరతాయి. ఆ పొరలో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలుంటాయి, సూక్ష్మక్రిముల్ని పసిగట్టేది ఇవే. క్రిముల్ని పట్టుకునే గ్రాహకాలతోనే ఈ తునకల్ని కూడా పట్టుకుని, ఇక్కడ ఏదో దెబ్బ తగిలిందని ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాలు తగిలిన గుజ్జు కణాలు ఎంఎంపీ-13, అడామ్‌టీఎస్-5 అనే ఎంజైములు తయారుచేస్తాయి, అవి గుజ్జుకు బలమిచ్చే కొల్లాజెన్‌ను, నీటిని పట్టి ఉంచే అగ్రెకాన్‌ను కోస్తూ పోతాయి. ఇంకొన్ని తునకలు రాలతాయి, మళ్లీ అదే కథ.

మన దగ్గర చెరువులు ఎక్కువ కాబట్టి ఇలా చెప్తుంటాను. కట్టకు చిన్న గండి పడింది, పూడ్చడానికి జనం వచ్చారు, కానీ పూడ్చే మట్టిని ఆ కట్ట నుంచే తవ్వుతున్నారు. వచ్చినవాళ్లు శత్రువులు కారు, గండి మాత్రం పెద్దదవుతుంది. అరుగుదలలో ఇమ్యూనిటీ చేసేది దాదాపు ఇదే.

అంటే ఇది రుమటాయిడ్ లాగా ఆటోఇమ్యూన్ జబ్బా?

కాదు. రుమటాయిడ్‌లో, అంటే కీళ్లవాతంలో, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరాన్నే పరాయిదనుకుని దాడికి దిగుతుంది. కీలులో దెబ్బ లేకపోయినా ఆ దాడి మొదలవుతుంది, ఊపిరితిత్తులు, కళ్లు లాంటి వేరే అవయవాలకు కూడా పాకవచ్చు. అరుగుదలలో ముందు వచ్చేది దెబ్బ, ఆ వెనక వచ్చేది ఇమ్యూనిటీ స్పందన. ఇక్కడ ప్రధానంగా పనిచేసేది పుట్టుకతో వచ్చే సహజ నిరోధక వ్యవస్థ, అంటే మాక్రోఫేజ్‌లు, రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు. ఒక్కో శత్రువును గుర్తుపెట్టుకుని పోరాడే టీ కణాలు, బీ కణాలు కూడా ఆ పొరలో కొన్ని కనిపిస్తాయి గానీ కథ నడిపేవి అవి కావు. "మీ ఒంట్లో మీ ఇమ్యూనిటీయే మిమ్మల్ని తింటోంది" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

మా అత్తమ్మకు పొద్దున లేవంగనే మోకాళ్లు పట్టేస్తయి. అది అరుగుడా, కీళ్లవాతమా?

ఎంతసేపు పట్టేస్తున్నాయో గడియారం చూసి రాసుకోండి. లేచి నాలుగడుగులు వేశాక, అరగంట లోపల వదిలేస్తే అరుగుదల వైపు మొగ్గు. గంట దాటినా వదలకపోతే, రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు కూడా ఉబ్బి వెచ్చగా ఉంటే, నీరసం, బరువు తగ్గడం ఉంటే కీళ్లవాతాన్ని అనుమానించాలి. వేలి చివరి కణుపు, అంటే గోరుకు దగ్గరిది, గట్టిగా బొడిపెలాగా లేస్తే అది సాధారణంగా అరుగుదలదే. రెండూ ఒకే మనిషికి ఉండకూడదని ఏమీ లేదు, ఉండవచ్చు.

ఒకరోజు బాగుంటది, ఒకరోజు కాలు కింద పెట్టనియ్యదు. అరిగింది అరిగినట్టే ఉండాలె కదా?

చాలా మంచి ప్రశ్న. గుజ్జు రాత్రికి రాత్రి అరగదు, రాత్రికి రాత్రి పెరగదు కూడా. రోజుకో తీరుగా మారేది ఆ లోపలి పొర వాపు. నిన్న పెళ్లింట్లో రోజంతా నిలబడ్డారు, లేదా ఒక్కసారిగా మూడెకరాల పత్తి చేను తిరిగారు, పొర ఉబ్బింది, అందులో ఉన్న నరాల చివరలను ఆ రసాయనాలు మరింత సున్నితంగా మార్చాయి, ఇవాళ చిన్న కదలికకే పెద్ద నొప్పి వస్తోంది. పొరకు నరాలు ఉన్నాయి, గుజ్జుకు లేవు, ఇది గుర్తుంచుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. నొప్పి ఎక్కువైన రోజున "ఇంకా అరిగిపోయింది" అని గుండె జారిపోనక్కర్లేదు. ఒకటి రెండు రోజులు పని తగ్గించి, ఐస్ పెట్టి, కాలు మాత్రం మెల్లగా ఆడిస్తూ ఉంటే చాలామందికి దిగుతుంది.

మోకాలిలో నీళ్లు పట్టాయి. తీయిస్తే మళ్లీ మళ్లీ పడతాయంటున్నారు, నిజమా?

తీయడం వల్ల పట్టవు. వాచిన పొరే ఆ నీటిని తయారుచేస్తుంది, వాపు తగ్గకపోతే తీసినా తీయకపోయినా మళ్లీ చేరుతుంది. మోకాలు బిర్రుగా ఉండి వంగనప్పుడు డాక్టరు నీళ్లు తీస్తే ఉపశమనం దొరుకుతుంది, పరీక్షకు పంపితే రోగం పేరు కూడా తేలుతుంది. మామూలు కీలు నీటిలో తెల్లకణాలు ఒక ఘన మిల్లీమీటరుకు 200 లోపే ఉంటాయి. అరుగుదలలో సాధారణంగా 2,000 దాటవు, కీళ్లవాతంలో దాటతాయి, చీము పట్టిన కీలులో తరచూ 50,000 పైన ఉంటాయి. యూరిక్ యాసిడ్ స్ఫటికాలుంటే అవి కూడా మైక్రోస్కోపులో కనిపిస్తాయి. కాబట్టి తీసిన నీటిని పారబోయనివ్వకండి, ల్యాబ్‌కు పంపమని మీరే అడగండి.

చికెన్‌గున్యా వచ్చి పోయినంక నొప్పులు మొదలైనయి. అదే కారణమా?

కావచ్చు. చికెన్‌గున్యా జ్వరం వారంలో తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఉంటాయి, 2006లో మన దగ్గర ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డప్పుడు చాలా ఇళ్లలో ఇది చూశాం. అది వైరస్ రేపిన వాపు, అరుగుదల కాదు. కానీ అప్పటికే లోపల అరుగుదల ఉన్నవాళ్లకు ఈ వాపు తోడైతే, అప్పటిదాకా తెలియని నొప్పి ఒక్కసారిగా బయటపడుతుంది. జ్వరం వచ్చిన తేదీ, నొప్పి ఏ కీళ్లలో మొదలైంది, ఈ రెండూ డాక్టరుకు చెప్పడం మర్చిపోకండి.

లావుంటే మోకాళ్ల మీద బరువు పడుతుంది, సరే. మరి వేళ్లు ఎందుకు ఉబ్బుతున్నాయి? చేతుల మీద నడవం కదా?

ఈ ప్రశ్నే పరిశోధకుల్ని కూడా ఆలోచింపజేసింది. బరువు ఎక్కువున్నవాళ్లలో చేతివేళ్ల అరుగుదల కూడా ఎక్కువగా కనిపిస్తుంది, కేవలం భారమే కారణమైతే అలా జరగకూడదు. కొవ్వు ఊరికే నిల్వ ఉన్న సరుకు కాదు. అది లెప్టిన్ లాంటి అడిపోకైన్లను, అంటే కొవ్వు కణాల రసాయనాలను, ఇంటర్‌ల్యూకిన్-6ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అవి ఒళ్లంతా తిరిగి ఏ కీలుకైనా చేరతాయి. మోకాలిచిప్ప కింద కూడా ఒక కొవ్వు ముద్ద ఉంటుంది, అందులోనూ ఇమ్యూన్ కణాలుంటాయి, అది పక్కనే ఉన్న పొరను రెచ్చగొడుతుంది. అంటే బరువు మోకాలిని రెండు వైపుల నుంచి దెబ్బతీస్తోంది, పైనుంచి భారంతో, లోపలి నుంచి రసాయనాలతో.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 52.8 కోట్ల మందికి ఈ అరుగుదల ఉంది, అందులో 60 శాతం ఆడవాళ్లు. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ పడిపోవడం ఒక కారణం, తొడ కండరాల బలం తక్కువగా ఉండటం ఇంకొకటి. మన వైపు మోకాళ్లు మడిచి గంటల తరబడి బీడీలు చుట్టడం, వంగి నాట్లు వేయడం ఉన్నాయి. నొప్పి వచ్చినా ఇంట్లో అందరి పని అయ్యాకే తన సంగతి చూసుకునే అలవాటు కూడా ఉంది, అందుకే వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతోంది.

మా తమ్మునికి 32 ఏళ్లే. కబడ్డీలో ఎప్పుడో దెబ్బ తగిలింది. ఇప్పుడే అరుగుదలేంటి?

మోకాలి లోపలి లిగమెంటు, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగినవాళ్లలో పది పదిహేనేళ్లకే అరుగుదల రావడం చాలా మామూలు. దెబ్బ తగిలిన రోజే కీలులో ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది, రక్తం చేరుతుంది, గుజ్జు విరిగితే వచ్చే పదార్థాలు ఆ నీటిలో అప్పుడే కనిపిస్తాయి. పైకి వాపు తగ్గినా లోపల అది చాలాకాలం సన్నగా నడుస్తూ ఉంటుంది. వయసుతో పనిలేదు. దెబ్బ తగిలినప్పుడే సరిగ్గా చూపించుకుని తొడ కండరాలకు బలం తెచ్చుకోవడం ముఖ్యం, ఇప్పటికైనా మొదలుపెట్టమనండి.

## టెస్టులు, రిపోర్టులు

ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్ వచ్చాయి. మరి ఇన్‌ఫ్లమేషన్ ఉందని ఎందుకంటున్నారు?

ఆ రెండూ ఒళ్లంతా వ్యాపించే పెద్ద వాపును పట్టే పరీక్షలు. అరుగుదలలో వాపు ఒక్క కీలులో, తక్కువ మోతాదులో ఉంటుంది, రక్తం దాకా పెద్దగా రాదు. చేతి నాడి చూస్తే జ్వరం తెలుస్తుంది గానీ పంటి చిగురు వాపు తెలియదు కదా, అలాంటిదే. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఉత్తేజితమైన మాక్రోఫేజ్‌లకు మాత్రమే అంటుకునే పదార్థాన్ని ఎక్కించి స్కాన్ తీస్తే, అరుగుదల ఉన్న మోకాళ్లలో 76 శాతంలో అవి వెలిగి కనిపించాయి. కాబట్టి రిపోర్టు నార్మల్, నొప్పి నిజం, రెండూ ఒకేసారి ఉండవచ్చు. "రిపోర్టులో ఏం లేదు, నువ్వు ఊరికే అంటున్నవ్" అని ఇంట్లో పెద్దవాళ్లను దయచేసి అనకండి.

ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది. కీళ్లవాతం అని రాసేశారు. అంతేనా?

ఆర్ఏ ఫ్యాక్టర్ అంటే కీళ్లవాతం అనుమానంతో చేసే ఒక రక్తపరీక్ష, దానొక్కదానితో తేల్చేయకూడదు. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లలో కూడా కొద్దిమందికి అది పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష, ఏయే కీళ్లు ఉబ్బాయి, పొద్దున ఎంతసేపు పట్టేస్తున్నాయి, ఇవన్నీ కలిపి చూడాలి. అనుమానం తీరకపోతే రుమటాలజిస్టును కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. నిజంగా కీళ్లవాతమైతే ఆలస్యం చేయకూడదు, కాకపోతే ఆ బలమైన మందులు అనవసరంగా వాడకూడదు, అందుకే ఒకసారి హైదరాబాద్ పోయి రావడం వృథా కాదు.

నాకు ఎక్స్‌రేలో గ్రేడ్ 2, మా పక్కింటి పెద్దమ్మకు గ్రేడ్ 4. ఆమె మేడారం నడిచి వస్తే నేను మెట్లు ఎక్కలేకపోతున్న. ఎట్లా?

ఈ గ్రేడ్లు 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టినవి, 0 నుంచి 4 దాకా. ఎక్స్‌రే చూపించేది ఎముకల మధ్య సందు, ఎముక చివర పెరిగిన మొనలు. వాచిన పొర అందులో కనబడదు, మాక్రోఫేజ్ అసలే కనబడదు. మీ మోకాలిలో సందు బాగానే ఉండి పొర మండుతూ ఉండవచ్చు, పెద్దమ్మ మోకాలిలో సందు పోయినా పొర చల్లబడి, తొడ కండరం గట్టిగా ఉండి ఉండవచ్చు. నిద్ర, మనసులో టెన్షన్, ఎన్నాళ్లుగా నొప్పి భరిస్తున్నారు అన్నవి కూడా నొప్పి స్థాయిని మారుస్తాయి. ఎక్స్‌రే మీద రాసిన అంకె చూసి మనిషి భవిష్యత్తు చెప్పేయడం నాకు అస్సలు నచ్చదు. నేను మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో ముందు చూస్తాను.

ఎంఆర్ఐ తీయించాలా?

చాలామందికి అక్కర్లేదు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోతుంటే, దెబ్బ తగిలి ఉంటే, లేదా ఎక్స్‌రేకూ నొప్పికీ ఏమాత్రం పొంతన లేకపోతే డాక్టరు రాస్తారు.

## మందులు, ఇంజెక్షన్లు

ఇమ్యూనిటీ పెంచే పొడులు, సిరప్‌లు తాగితే మోకాళ్లు బాగవుతాయా?

కరోనా తర్వాత ఈ ప్రశ్న ఎక్కువైంది. కావు. ఇక్కడ ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు, ఒకచోట అది ఆగాల్సినప్పుడు ఆగకపోవడమే సమస్య. దాన్ని ఇంకా "పెంచడం" అన్న మాటకు అర్థమే లేదు. నెలకు రెండు వేలు, మూడు వేలు పెట్టి డబ్బాలు కొంటున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు, పాలు తెచ్చుకుంటే కనీసం కండ పడుతుంది.

అయితే ఇమ్యూనిటీని అణిచే మందులు ఇవ్వొచ్చు కదా? కీళ్లవాతానికి ఇస్తారు, దీనికి ఎందుకివ్వరు?

ప్రయత్నించారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ కీళ్లవాతంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చేతివేళ్ల అరుగుదలలో ఇచ్చి చూస్తే ఫలితం కనబడలేదు. కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను బ్రిటన్‌లో చేతివేళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ఇచ్చారు, 2018లో ఫలితాలు వచ్చాయి, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని తేలింది. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే మందు కూడా మోకాళ్లలో నిరాశే మిగిల్చింది.

కానీ మొత్తం చీకటి కాదు. కనకినుమాబ్ అనే మందును గుండెపోటు వచ్చిన 10,061 మందికి వేరే ఉద్దేశంతో పరీక్షించారు, అది కూడా ఇంటర్‌ల్యూకిన్-1నే అడ్డుకుంటుంది. ఆ లెక్కల్ని 2020లో మళ్లీ తిరగేస్తే, మందు తీసుకున్నవాళ్లలో మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్లు తక్కువగా జరిగాయని కనిపించింది. 2023లో ఆస్ట్రేలియాలో చేతివేళ్ల అరుగుదలతో పాటు పొర వాపు స్పష్టంగా ఉన్నవాళ్లను మాత్రమే ఏరి, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇస్తే ఆరు నెలల్లో నొప్పి కొంత తగ్గింది. అంటే అందరికీ ఒకే మందు కుదరదు, వాపు ఎక్కువున్నవాళ్లను విడిగా గుర్తించి ఇవ్వాలి అన్న వైపు పరిశోధన పోతోంది. ఈ మందులు ఇన్‌ఫెక్షన్లకు దారి తెరుస్తాయి, మెథోట్రెక్సేట్ కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీయగలదు. పక్కింటివాళ్ల కీళ్లవాతం చీటీ చూసి మెడికల్ షాపులో కొనుక్కోవడం మాత్రం చేయకండి.

ఊళ్లె ఆర్ఎంపీ ఇచ్చిన గోలీలు వేసుకుంటే రెండు రోజుల్లనే లేచి తిరుగుతున్న. వాటిని బంద్ చెయ్యమంటరెందుకు?

అంత త్వరగా, అంత బాగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ వాచిన పొరను నిజంగానే చల్లబరుస్తుంది, అరుగుదలలో ఇమ్యూనిటీ పాత్ర ఉందనడానికి అది కూడా ఒక రుజువే. కానీ నెలల తరబడి వాడితే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది, ఇన్‌ఫెక్షన్లు సులువుగా అంటుకుంటాయి. మా అమ్మకు అలాగే జరిగింది. నేను చదువుకునే రోజుల్లో ఊళ్లో ఒకరు ఇచ్చిన పొట్లాలు ఏడాదిన్నర వాడింది, నొప్పి లేదని సంతోషించింది, చివరికి బాత్రూంలో చిన్నగా జారితే వెన్నుపూస నొక్కుకుపోయింది. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను.

ఒక జాగ్రత్త. చాలాకాలంగా వాడుతుంటే ఇవాళే పూర్తిగా ఆపేయకండి. శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మానేసి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ గోలీల అట్ట, లేదా పొట్లం పట్టుకుని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గిస్తారు.

మరి మోకాలిలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. అది కూడా ప్రమాదమేనా?

అది వేరు. వాపు బాగా ఉన్నప్పుడు ఒకసారి ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, ఆ వ్యవధిలో వ్యాయామం మొదలుపెట్టగలిగితే నిజమైన లాభం అది. మూడు నెలలకోసారి అలవాటుగా వేయించుకోవద్దు. 2017లో వచ్చిన ఒక ట్రయల్‌లో రెండేళ్లపాటు అలా ఇచ్చి చూస్తే, ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే గుజ్జు ఎక్కువ తగ్గింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

గుజ్జు ఇంజెక్షన్, పీఆర్పీ వేయిస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

పెరగదు. గుజ్జు ఇంజెక్షన్ అని పిలిచేది హయలురానిక్ యాసిడ్, అది కీలు నీటిలో సహజంగా ఉండే జిగురు పదార్థం, గుజ్జు కాదు. కొందరికి కొన్ని నెలలు కొంచెం హాయి. పీఆర్పీ అంటే మీ రక్తం నుంచే ప్లేట్‌లెట్లు తీసి ఎక్కించడం. 2021లో 288 మందితో చేసిన ట్రయల్‌లో ఏడాది తర్వాత చూస్తే ఉప్పునీటి ఇంజెక్షన్‌కూ దానికీ తేడా రాలేదు. అప్పు చేసి వేయించుకోవాల్సినంత విషయం వాటిలో లేదు.

పెయిన్‌కిల్లర్ రోజూ వేసుకోవచ్చా?

రోజూ వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాపు రసాయనాల్లో ఒకటైన ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తాయి, అందుకే పనిచేస్తాయి. కానీ కడుపులో పుండ్లు, కిడ్నీకి దెబ్బ, గుండెకు ముప్పు. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లు డాక్టరును అడగకుండా అసలే వద్దు. ముందు పైపూత జెల్ వాడి చూడండి, మోకాలికీ వేళ్లకీ అది బాగానే పనిచేస్తుంది, రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది.

చింతపండు, వంకాయ మానెయ్యాలా? పసుపు పాలు తాగితే వాపు తగ్గుతదా?

చింతపండు పులుసు లేకుండా మన ఇళ్లలో ముద్ద దిగదు, దాన్ని మానేయాల్సిన పనిలేదు. పులుపు వాతం చేస్తుందన్నది పాత మాట, అరుగుదలలో దానికి ఆధారం లేదు. ఫలానాది తింటే మీకే నొప్పి పెరుగుతోందని అనిపిస్తే మూడు వారాలు ఆపి, మళ్లీ తిని చూసుకోండి. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉంది, చిన్న ట్రయల్స్‌లో కొంత ఉపశమనం కనబడింది కూడా, కానీ అది పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. కూరలో పసుపు, పాలలో పసుపు నిశ్చింతగా వాడుకోండి. గాఢమైన క్యాప్సూల్స్ మాత్రం రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు అడగకుండా తీసుకోవద్దు.

## రోజువారీ బతుకులో

అరిగిన మోకాలు ఇంకా అరగకుండా కూర్చుంటే మంచిది కదా?

"అరిగింది" అన్న మాట చేసే అసలు నష్టం ఇదే. ఆ మాట విన్న రోజు నుంచి మనిషి లెక్క పెట్టుకోవడం మొదలుపెడతారు, ఉన్న కాస్త గుజ్జును దాచుకోవాలని. గుజ్జుకు రక్తనాళాలు లేవని ముందే తెలుసుకోవాలి. దానికి తిండి అందేది కీలు నీటి నుంచే, నడిచినప్పుడు నొక్కుకుని వదులుకుంటేనే ఆ నీరు లోపలికి, బయటికి పోతుంది. కూర్చోబెడితే పస్తులు పెట్టినట్టే. ఇంకోటి, కండరం కదిలినప్పుడు అది కూడా రసాయనాలు వదులుతుంది, వాటిలో వాపును అణిచేవి ఉన్నాయి. 2010లో డెన్మార్క్‌లో మోకాలి అరుగుదల ఉన్న ఆడవాళ్లతో వ్యాయామం చేయించి కీలు లోపలే కొలిచారు, ఇంటర్‌ల్యూకిన్-10 పెరిగింది. అది వాపును చల్లార్చే రసాయనం. అంటే మాక్రోఫేజ్‌లకు ఇక చాలు అని చెప్పే కబురు మన తొడ కండరం దగ్గర ఉంది.

నా దగ్గరికి వచ్చిన ఒక బాపు రెండేళ్లు మంచం మీద నుంచి టీవీ చూస్తూ గడిపాడు, మోకాళ్లను కాపాడుకుంటున్నానని. ఎక్స్‌రే ఏమీ మెరుగుపడలేదు, తొడలు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. ఆయనను మళ్లీ నడిపించడానికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తున్నాడు.

సరే, ఏం చేయాలో సూటిగా చెప్పండి. ఎంత నొప్పి వస్తే ఆపాలి?

మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి పట్టుకోండి. తర్వాత కొంచెం ఎత్తు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోండి. ఒక్కోటి పదిసార్లు, రోజుకు రెండు పూటలు, వారం వారం కొంచెం పెంచుతూ. దీనికి తోడు చదును నేల మీద నడక. చేస్తున్నప్పుడు కొద్దిపాటి నొప్పి వస్తే ఫర్వాలేదు, మరునాటికి అది మామూలుగా ఉండేంతకు దిగితే మీ మోతాదు సరిపోయినట్టు. మరునాడు వాపు వస్తే సగానికి తగ్గించండి, ఆపేయకండి. రెండు నెలలు చేశాక చెప్పండి ఎలా ఉందో, పది రోజులకే ఫలితం చూడకండి.

బరువు తగ్గితే నిజంగా ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా, లేక భారమే తగ్గుతుందా?

రెండూ. కిలో బరువు తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచారు. 2013లో అమెరికాలో 454 మందితో పద్దెనిమిది నెలలు చేసిన ట్రయల్‌లో తిండి అదుపు, వ్యాయామం కలిపి చేసినవాళ్లకు నొప్పి బాగా తగ్గింది, తిండి అదుపు చేసినవాళ్ల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 కూడా తగ్గింది. 2024లో వచ్చిన ఒక ట్రయల్‌లో మోకాలి అరుగుదలతో పాటు ఊబకాయం ఉన్నవాళ్లు, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున 13.7 శాతం బరువు తగ్గారు, వందకు కొలిచే నొప్పి స్కోరు దాదాపు 42 పాయింట్లు దిగింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు 27.5 దిగింది. ఆ ఇంజెక్షన్ ఖరీదైనది, డాక్టరు చూసి రాయాల్సింది. మన ఇంట్లో రోజూ చేయగలిగింది రాత్రి అన్నం సగానికి తగ్గించడం, దాని బదులు జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, చాయలో చక్కెర మానడం.

కింద కూర్చోవద్దంటున్నారు. బతుకమ్మ ఆడొద్దా? మేడారం పోవద్దా?

బాసింపట్టు వేసి గంటల తరబడి కూర్చోవడం, గొంతుకూర్చుని పనిచేయడం తగ్గించండి, మోకాలు పూర్తిగా మడిచినప్పుడు లోపల ఒత్తిడి బాగా పెరుగుతుంది. బీడీలు చుట్టేవాళ్లు చేటను ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టుకుని ఎత్తు పీట మీద కూర్చుంటే చాలా తేడా ఉంటుంది, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. బతుకమ్మ ఆడండి. చుట్టూ తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ ఆడే ఆట అది, మోకాలికి మంచి వ్యాయామం, మరీ లోతుగా వంగకుండా ఆడితే చాలు. తొమ్మిది రోజుల ఆటకు రెండు నెలల ముందు నుంచే తొడ కండరాలకు బలం పెట్టుకోండి. మేడారం కూడా అంతే, నడకకు ముందుగా కొన్ని వారాలు అలవాటు చేసుకుని పోతే మోకాలు మొరాయించదు.

## ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

మోకాలు మార్పిస్తే ఈ ఇమ్యూనిటీ గొడవ మొత్తం పోతుందా?

గుజ్జు తునకలు రాలడం పోతుంది కాబట్టి పాత చక్రం ఆగుతుంది, నడక కూడా చాలామందికి బాగా మెరుగవుతుంది. కానీ ఇమ్యూన్ కణాలు అక్కడే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ కృత్రిమ కీలులోని ప్లాస్టిక్ నుంచి కంటికి కనబడని రేణువులు రాలితే మాక్రోఫేజ్‌లు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు, మళ్లీ రసాయనాలు వదులుతాయి, చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది. ఇప్పటి ప్లాస్టిక్‌లు పాతవాటికంటే చాలా గట్టివి, అయినా ఏటా ఒకసారి చూపించుకోవడం అందుకే.

షుగర్ తగ్గాకే ఆపరేషన్ అంటున్నారు. ఎందుకంత పట్టుదల?

షుగర్ ఎక్కువుంటే తెల్లకణాలు మందకొడిగా పనిచేస్తాయి, కృత్రిమ కీలు మీద క్రిమి ఒకసారి అతుక్కుంటే యాంటీబయాటిక్ దాన్ని సులువుగా చేరలేదు. ఆ ఇన్‌ఫెక్షన్ వస్తే మళ్లీ ఆపరేషనే. పంటి చీము, కాలి పుండు, మూత్రంలో మంట ఉన్నా ముందే చెప్పి నయం చేసుకోండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పోవాలి?

మోకాలు ఒక్కసారిగా ఉబ్బి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతున్నట్టు ఉండి, జ్వరం, చలి వస్తే అది అరుగుదల కాదు, కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఇమ్యూన్ కణాలు క్రిమితో పోరాడే ఆ గొడవలో గుజ్జు కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. ఇంట్లో కాపడం పెట్టుకుంటూ, పూత రాసుకుంటూ తెల్లవారేదాకా చూడకండి. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు, మోకాలు మార్పించుకున్నవాళ్లు, ఈమధ్యే మోకాలిలో ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు మరీ జాగ్రత్త, వీళ్లకు జ్వరం రాకుండానే చీము పట్టవచ్చు. వరంగల్ ఎంజీఎం కావచ్చు, మీకు దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి కావచ్చు, ఏ వేళైనా అదే పూట వెళ్లండి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.